నాలుగో వరుస నేరం

హిర్ష్ హోటలు కింద గంజాయి పెంచుతున్న పెద్దమనుషుల ఆకులకు ఏదో జబ్బు చేసిందనీ, ఆ జబ్బు దానంతట అది రాలేదనీ, ఎవరో పనిగట్టుకుని తెచ్చిపెట్టారనీ మా ఎదురింటి ఎల్‌ఫ్రీడె షాయ్‌ఫెలె గారు రొట్టెల కొట్టులో అన్నారట. రొట్టెల కొట్టు ఆవిడ ఆ మాటను నాకు బ్రెజెల్ రొట్టెల పొట్లంతో పాటు అందించింది.

"ఎవరో అంటే ఎవరండీ?" అన్నాను.

"పేరు చెప్పలేదు గానీ, చెయ్యి మాత్రం బాడెన్ వైపు చూపించారు," అంది.

బాడెన్ ఎక్కడో లేదు, పక్క సీమే. మా ముక్కెన్‌వైలర్‌కు పడమట ఉన్న కొండ దిగితే వస్తుంది. వడగళ్ళూ, జలుబులూ, డబ్బు నిలవని అల్లుళ్ళూ అటునుంచే వస్తారని మా ష్వాబియా సీమ వాళ్ళకు తరతరాల నమ్మకం. గంజాయి పెంచే మా సంఘంలో బాడెన్‌లో పుట్టిన మనిషి ఒక్కతే ఉంది, రోజ్‌విటా మెర్క్‌లె. పెళ్ళై మా ఊరొచ్చి మొగుణ్ణి కూడా మా శ్మశానంలోనే పూడ్చుకుంది. అయినా ఆమె గురించి మాట్లాడేటప్పుడు మా వాళ్ళు "మనూరామె" అనరు. "మనూళ్ళో ఉంటున్నామె" అంటారు. ఇందులో ద్వేషం ఏమీ లేదు. వివరం కోసం అంటారు, అంతే.

గంజాయి అన్నానని మీరు పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. మా జర్మనీలో అది ఇప్పుడు చట్టానికి లోబడిన మొక్క. చట్టానికి లోబడింది ఏదైనా సరే, మా ఊరి వాళ్ళు దానికి సంఘం పెట్టకుండా ఉండలేరు. కుందేళ్ళ పెంపకందార్లకు సంఘం ఉంది, అకార్డియన్ వాయించేవాళ్ళకు ఉంది, పాత ట్రాక్టర్లు తుడిచేవాళ్ళకు ఉంది. కాబట్టి 'పచ్చని విశ్రాంతి సాగు సంఘం' ఏర్పడటంలో ఆశ్చర్యం లేదు. విత్తనాలు రాకముందే నియమావళి వచ్చింది. మొలక లేవకముందే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి, ఆ కోశాధికారిని కనిపెట్టి ఉండటానికి ఇద్దరు పరిశీలకులు లేచారు. పాతికేళ్ళు సభ్యులుగా ఉన్నవాళ్ళకు వెండి పతకం ఇవ్వాలన్న తీర్మానం మొదటి సమావేశంలోనే ఏకగ్రీవమైంది. అప్పటికి సంఘం వయసు ఒక సాయంత్రం.

అధ్యక్షుడు గొట్‌హిల్ఫ్ బ్రాయ్‌నింగర్ పన్నుల కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రారంభోత్సవంలో ఆయన చేసిన ప్రసంగం మా ఊళ్ళో ఇప్పటికీ తలుచుకుంటారు. "మిత్రులారా, ఇన్నాళ్ళూ ఈ మొక్కను క్రమశిక్షణ లేనివాళ్ళు పెంచారు. అందుకే దానికి చెడ్డపేరు వచ్చింది. ఇకమీదట దాన్ని మనం పెంచుతాం. మన చేతుల్లో పడ్డాక అది కూడా బాధ్యత తెలిసిన మొక్క అవుతుందని నా విశ్వాసం," అన్నాడు. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

మత్తు వల్ల కలిగే హాని గురించి సభ్యులకు బోధించే మనిషి ఒకరు ఉండాలని చట్టం చెబుతుంది. ఆ పదవి డ్రైవింగ్ స్కూలు నడిపే వెండెలిన్ రాప్‌కు దక్కింది. ఆయన నెలకోసారి పటాలు గోడకు తగిలించి, ఆ పదార్థాన్ని అతిగా వాడితే ఏమవుతుందో చెప్పేవాడు. ఆ పదార్థాన్ని మాలో ఎవరూ ఇంకా చూడలేదు. అయినా వాడకం తగ్గించుకుంటామని అందరం మాట ఇచ్చాం.

సంఘం లోపల అందరూ అందరినీ 'నువ్వు' అనాలని ఇంకో నియమం. ఒకే వీధిలో జీవితమంతా 'మీరు, మీరు' అంటూ బతికిన వాళ్ళం. ఇనుప మెట్లు దిగి కింది తలుపు దాటగానే "ఏరా గొట్‌హిల్ఫ్" అనాలి. పైకొచ్చాక కూరల సంతలో ఎదురైతే మళ్ళీ "నమస్కారం బ్రాయ్‌నింగర్ గారూ" అనాలి. మెట్ల మీద ఎదురైతే ఏమనాలో నియమావళిలో లేదు. అందుకని మెట్ల మీద ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఆ మెట్ల కింద ఉన్నది ఒకప్పటి బౌలింగ్ ఆటశాల, బంతి దొర్లించి చెక్క గుంజలు పడగొట్టే చోటు. హోటలు మూతపడ్డాక ఖాళీగా పడి ఉంది. నున్నటి చెక్క బాటలు నాలుగు, పొడుగ్గా. ఆ బాటల మీదే కుండీలు వరుసలుగా పెట్టాం. పైన ఎండను మరిపించే దీపాలు, మూలల్లో ఫంకాలు, గోడకు తేమ చూపించే ముల్లు. మూడు వరుసలు పెద్దవి. మెట్ల పక్కనున్న నాలుగోది కురచ. దూరం నడవలేదని ఆ నాలుగో వరుసను రోజ్‌విటాకు శాశ్వతంగా అప్పగించారు.

రోజ్‌విటా మా చర్చిలో ఆర్గన్ వాయించేది. చేతి వేళ్ళ కణుపులు వాచి, వేళ్ళు తలో దిక్కుకూ తిరిగాక మానేసింది. పగటి నొప్పిని ఆమె ఏదో పనిలో పడి మరిచిపోగలదు. రాత్రి ఆ వీలు లేదు. డాక్టరిచ్చిన మాత్రలు నొప్పికన్నా ముందు కడుపును పట్టుకుంటున్నాయి. మొదటి పంటలో తన వాటా చేతికొస్తే, కాస్త కన్ను మూతపడుతుందేమోనని ఆమె ఆశ. సంఘంలో చేరేటప్పుడు 'ఎందుకు చేరుతున్నారు' అని అడిగితే మేమంతా సంఘజీవనమనీ, వృక్షశాస్త్రమనీ, ప్రాంతీయ వ్యవసాయాభివృద్ధి అనీ చెప్పాం. ఆమె ఒక్కతే "నిద్ర కోసం" అంది. నిండు సభలో అంత పచ్చిగా నిజం చెప్పినందుకు అధ్యక్షుడు కొంచెం ఇబ్బందిపడి గొంతు సవరించుకున్నాడు.

ఇక ఊడ్పు వంతు సంగతి. మా దగ్గర ప్రతి ఇంటి మెట్లకూ ఊడ్పు వంతు ఉంటుంది. 'ఈ వారం మీ వంతు' అని రాసిన చిన్న చెక్కపలక మీ గుమ్మానికి వేలాడిందంటే, మెట్లూ నడవా వీధివారా మీరే ఊడవాలి. దుమ్ము ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. మీరు ఊడుస్తున్నట్టు ఎదురింటి కిటికీ తెర వెనకనున్న వాళ్ళకు కనిపించాలి. దుమ్ము లేని చోట ఊడ్చినవాడికి మా ఊళ్ళో గౌరవం ఎక్కువ. దుమ్ము ఉన్నచోట ఎవడైనా ఊడుస్తాడు కదా.

ఈ ఆచారాన్ని మేము ఆకులకు కూడా వర్తింపజేశాం. వంతు వచ్చిన సభ్యుడు పొద్దున్నే వచ్చి, బకెట్టులో గుడ్డ ముంచి పిండి, మొక్కమొక్కకూ ఆకాకూ పైపక్క తుడవాలి. నాలుగో వరుస మాత్రం ఎప్పుడూ రోజ్‌విటా వంతే. కింది పక్క అక్కర్లేదు, అది ఎవరికీ కనిపించదు. నాలుగు వరుసలకు నాలుగు గుడ్డలు కొందామని ఎవరో అంటే కోశాధికారి, "ఇంట్లో గిన్నెకో గుడ్డ పెట్టుకుంటావా నువ్వు?" అన్నాడు. దాంతో బకెట్టు ఒకటే, గుడ్డ ఒకటే అయ్యాయి. మొదటి వరుస మొదటి మొక్క దగ్గర బయల్దేరిన గుడ్డ మూడో వరుస చివరి మొక్క దాకా వెళ్ళి, పొదుపుకు మారుపేరుగా మళ్ళీ అదే బకెట్టులోకి చేరేది. మా ఆకులు పెళ్ళికి తోమిపెట్టిన ఇత్తడి సామానులా మెరిసేవి. చూడటానికి వచ్చిన నగరపాలక అధికారి, "ఇంత శుభ్రమైన గంజాయి నేనెక్కడా చూడలేదు," అని మెచ్చుకుని వెళ్ళాడు. ఎక్కడెక్కడ చూశారని మేము అడగలేదు.

ఆ మెరుపు మీద ఒకరోజు చుక్కలు కనిపించాయి. బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు. వారం తిరిగేసరికి ఆకు అంచులు పసుపెక్కి, కొసలు ముడుచుకున్నాయి. సంఘంలో గుండెలు జారాయి గానీ గొంతులు జారలేదు. రోగనిర్ధారణ మొదలైంది.

మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు కొదవ లేదు. ఎవరి చదువు వాళ్ళకు ఆకులో కనిపించింది. పళ్ళ డాక్టరు ఫోల్క్‌మార్ ఐజెలె చిన్న అద్దం పెట్టి చూసి, "కాల్షియం లేదు. అంచులు పుచ్చిపోతున్నాయి. రోజూ రెండుపూటలా తుడవాలి, ఒకపూట చాలదని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను," అన్నాడు.

"పుచ్చడానికి వాటికి నువ్వేమైనా చాక్లెట్లు పెట్టావేంట్రా?" అన్నాడు వెండెలిన్. "ఫంకా గాలి ఎడమనుంచి కొడుతోంది. మొక్క కుడికి వాలుతోంది. అద్దంలో చూసుకోకుండా మలుపు తిరిగినట్టే ఉంది దీని వ్యవహారం."

అధ్యక్షుడు మాత్రం మొక్కల మీద పాత పన్నుల కన్ను వేశాడు. "మనం పోసింది ఎంత, ఆకులో చూపిస్తున్నది ఎంత? మధ్యలో నత్రజని ఎక్కడికి పోతోంది? ఈ మొక్కలు ఏదో దాస్తున్నాయి," అన్నాడు.

రోజ్‌విటా తన కుర్చీలోంచి, "వాటికేదో దురద పెడుతున్నట్టుంది," అంది. ఆ మాట శాస్త్రీయంగా లేదని ఎవరూ పట్టించుకోలేదు.

అభిప్రాయాలు ఏడో ఎనిమిదో అయ్యాక, జబ్బు ఏమిటో ఓటింగు ద్వారా నిర్ణయించాలని తీర్మానించాం. ప్రజాస్వామ్యంలో మరో దారి లేదు. రహస్య బ్యాలెట్టు పెట్టాం. మెగ్నీషియం లోపం స్వల్ప ఆధిక్యంతో గెలిచింది. కాల్షియం వర్గం ఓట్లు మళ్ళీ లెక్కించమంది. లెక్కించినా మెగ్నీషియమే వచ్చింది. ఓడినవాళ్ళు హుందాగా గెలిచినవాళ్ళతో చేతులు కలిపారు. జబ్బుకు కారణమైనవి మటుకు ఓటింగులో పాల్గొనలేదు, అవి అప్పుడు పనిమీద ఉన్నాయి.

మెగ్నీషియం ఉప్పు కలిపిన నీళ్ళు పోశాం. కొసలు మాడాయి. దాంతో కాల్షియం వర్గం బలం పుంజుకుంది. మధ్యంతర ఎన్నికలు జరిగి కాల్షియం అధికారంలోకి వచ్చింది. ఆకులు ఇంకా రాలాయి. నీళ్ళు ఎక్కువయ్యాయని ఒక చీలికవర్గం మొక్కలను ఎండబెట్టింది. ఎండబెట్టారని తెలియని ఇంకో వర్గం దొంగచాటుగా నీళ్ళు పోసింది. ఎవరేం చేసినా ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట: తుడవడం ఆపకూడదు. కాల్షియం ప్రభుత్వం వచ్చాక రెండుపూటలా తుడిచాం.

చివరికి హాంబర్గ్ నుంచి సస్యరక్షణ నిపుణురాలిని పిలిపించాం. పేరు ఇంకెన్ హార్మ్‌సెన్. ఉత్తరాది మనిషి. వచ్చి కోటు విప్పకముందే, కాఫీ తాగకముందే, అధ్యక్షుడు స్వాగత ప్రసంగం మడత విప్పుతుండగానే ఒక ఆకు పట్టుకుని తిరగేసింది. అంత పని మాలో ఎవరికీ తోచలేదు. తోచినా నియమావళి ఒప్పుకోదు, కింది పక్క వంతులో లేదు.

"ఎర్రనల్లి," అంది.

అందరం భూతద్దంలోంచి చూశాం. ఆకు అడుగున సూదిమొన అంత పురుగులు గుంపులుగా తిరుగుతున్నాయి. గుడ్లు, పిల్లలు, సన్నటి సాలెపోగులు. అక్కడ ఒక ఊరే ఉంది. పైన మేము తుడిచినంతసేపూ కింద వాళ్ళు కాపురాలు చేసుకున్నారు.

ఆవిడ వరుసలన్నీ తిరిగి, మెట్ల దగ్గర ఆగింది. "మూడు వరుసలు నాశనం. ఈ నాలుగోదానికి ఒక్క పురుగు లేదే. మిగతావాటికి ఏం చేస్తున్నారు మీరు?"

అధ్యక్షుడు ఊడ్పు వంతు చరిత్రను తాతల కాలం నుంచీ ఎత్తుకుని వివరించాడు. ఆవిడ చూపు బకెట్టు మీద ఉంది.

"ఒకటే గుడ్డా?"

"ఒకటే. మా దగ్గర వృథా ఉండదు," అన్నాడు కోశాధికారి, కాస్త గర్వంగానే.

"ఎవరి కోటు మీదో నాలుగు నల్లులు వచ్చి ఉంటాయి. అది ఎక్కడైనా జరిగేదే. మొక్కమొక్కకీ మోసుకెళ్ళి దింపింది మాత్రం మీరే. ముందు తుడవడం ఆపండి," అంది ఇంకెన్ హార్మ్‌సెన్. తర్వాత కాఫీ కూడా తాగలేదు.

నిపుణురాలి అభిప్రాయాన్ని సంఘం కృతజ్ఞతతో నమోదు చేసింది. నమోదయ్యాక దాని పని అయిపోయింది. "పాపం, హాంబర్గ్‌లో ఊడ్పు వంతు లేదు కదా. అలవాటు లేని మనిషికి శుభ్రత చూస్తే అనుమానం పుట్టడం సహజం," అన్నాడు అధ్యక్షుడు. జబ్బు పేరు తెలిసింది కాబట్టి సగం నయమైనట్టేనని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అయితే ఆవిడ చెప్పిన ఇంకో సలహా మాకు నచ్చింది. ఎర్రనల్లిని తినే మిత్రపురుగులు దొరుకుతాయట. పొట్టులో కలిపి చిన్న సంచుల్లో అమ్ముతారట. మందు కొట్టే పనిలేదు, అవే వేటాడతాయి. తెప్పించాం. శనివారం మధ్యాహ్నం వచ్చాయి. వచ్చాక నియమావళిలో చిక్కు కనిపించింది: సాగుశాలలోకి సభ్యులు కానివాళ్ళకు ప్రవేశం లేదు.

"పురుగుకి సభ్యత్వమేంట్రా?" అన్నాను నేను.

"ఇవాళ పురుగు అంటావు. రేపు బావమరిది అంటావు," అన్నాడు కోశాధికారి.

సాయంత్రం దాకా చర్చ జరిగి, మిత్రపురుగులకు 'తాత్కాలిక అతిథి' హోదా ఇవ్వాలని తీర్మానమైంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే ప్రవేశమన్న నిబంధన ఈ సందర్భంలో సడలించారు. మర్నాడు ఆదివారం. ఆదివారం మా ఊళ్ళో మేకు కొట్టకూడదు, గడ్డి కొయ్యకూడదు, ఖాళీ సీసా కూడా చెత్తడబ్బాలో గట్టిగా పడెయ్యకూడదు. వేట అసలే కూడదు. సంచుల్లో వాటికి తిండి లేదని రోజ్‌విటా రెండుసార్లు గుర్తుచేసింది. "ఒక్కరోజు ఉపవాసం ఎవరికైనా మంచిదే," అన్నాడు వెండెలిన్.

సోమవారం సాయంత్రం సంచులు విప్పాం. ఒకదాన్నొకటి తినగా మిగిలిన మిత్రులు బయటికొచ్చారు. అధ్యక్షుడు వాళ్ళనుద్దేశించి క్లుప్తంగా మాట్లాడాడు. ఆకుల మీద వదిలిపెట్టి, ఆశతో ఇళ్ళకు వెళ్ళాం. మంగళవారం పొద్దున వంతు ఫోల్క్‌మార్‌ది. నియమం తప్పని మనిషి. వచ్చి మొదటి మొక్క నుంచి చివరి మొక్క దాకా ఆకుల పైపక్క శుభ్రంగా తుడిచేశాడు. మిత్రపురుగులు పైపక్కనే ఉన్నాయి, ఇంకా దారి వెతుక్కుంటున్నాయి. ఎర్రనల్లి కిందపక్క క్షేమంగా ఉంది. "ఒక్క పురుగు కూడా కనిపించడం లేదు," అని ఫోల్క్‌మార్ ఇచ్చిన నివేదికను చప్పట్లతో ఆమోదించాం.

ఆ తర్వాత వారాల్లోనే మూడు వరుసల మీదా సాలెగూడు కమ్ముకుంది. పండగ దీపాలకు బూజు పట్టినట్టు మొక్కలు బూడిదరంగుకు తిరిగి నిలబడ్డాయి. అన్నిటినీ పీకి, చట్టం చెప్పిన పద్ధతిలో, ఇద్దరు సాక్షుల ఎదుట నాశనం చేశాం. నాశనం చేసే ముందు కూడా ఒకసారి తుడిచాం. అలా పంపించడం మాకు మనసొప్పలేదు.

మిగిలింది నాలుగో వరుస. కుండీలు కొన్నే గానీ, అందులో ఒక్కో మొక్క నడుమెత్తున లేచి, మొగ్గలు బిగిసి, జిగురు కారుతూ ఉంది. రోజ్‌విటా రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని వాటికేసి చూస్తూ పాత కీర్తనలేవో గొణుక్కునేది. వాచిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే కోతకొస్తుంది. ఆమె ముఖం అప్పుడే సగం నిద్రపోయి లేచినట్టు తేటగా ఉండేది.

అదే అందరి కంట్లో పడింది. నలుగురి ఇళ్ళు కాలినచోట ఒక ఇల్లు నిలబడితే, ఎలా నిలబడిందని సంతోషంతో అడిగేవాళ్ళు తక్కువ. ఎల్‌ఫ్రీడె గారు రొట్టెల కొట్టులో పుట్టించిన మాట సంఘంలోకి దిగివచ్చింది. ఆవిడ సంఘంలో సభ్యురాలు కాదు, గంజాయి పొడ గిట్టదు. అయినా సత్యానికి సభ్యత్వం అవసరం లేదని అధ్యక్షుడు అన్నాడు. అత్యవసర సర్వసభ్య సమావేశం పిలిచారు. విషయం: మన శాలలోకి నల్లిని తెచ్చిందెవరు?

ఆ సాయంత్రం రోజ్‌విటాను ముందు వరుసలో కూర్చోబెట్టారు. గౌరవంగానే. నీళ్ళ గ్లాసు కూడా ఇచ్చారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"రోజ్‌విటా, నువ్వు దాచకుండా చెప్పు. నాలుగో వరుసకు ఏం కొట్టావు?" అన్నాడు అధ్యక్షుడు.

"ఏమీ కొట్టలేదు."

"మరి నీ వరుసకే ఎందుకు పట్టలేదు?"

"నాకేం తెలుసు? ఆ హాంబర్గ్ అమ్మాయి చెప్పింది కదా మీకు."

"ఆవిడ సంగతి ఆవిడది," అన్నాడు కోశాధికారి. "నీ సంగతి చెప్పు."

వెండెలిన్ లేచాడు. "నేనొకటి అడుగుతా. నల్లికి మాత్రం తెలివుండదా? తిండి పెట్టి తీసుకొచ్చిన మనిషి మొక్కల మీద అది పడుతుందా? పక్కవాళ్ళ మీద పడుతుంది గానీ. మొన్న వేసవిలో నువ్వు బాడెన్ వెళ్ళొచ్చావా లేదా?"

"మా అక్క చచ్చిపోతే వెళ్ళాను."

"వెళ్ళిందని ఒప్పుకుంది, రాసుకోండి," అన్నాడు వెండెలిన్.

ఫోల్క్‌మార్‌ది మెత్తని మనసు. పన్ను పీకేముందు మాట్లాడే గొంతుతో, "చూడమ్మా రోజ్‌విటా, మేమెవరమూ నీకు శత్రువులం కాదు. ఒక్కటి చెప్పు చాలు. నీ వరుసకి వంతు ప్రకారం తుడిచావా లేదా?" అన్నాడు.

"తుడవలేదు."

శాలంతా కుర్చీల చప్పుడు. కిటికీ తెరల వెనక ఇంతకాలం అనుమానించింది నిజమైనప్పుడు మనిషికి ఒంట్లో ఒక వేడి పుడుతుంది. అది అందరి ముఖాల్లోనూ కనిపించింది.

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా తుడవలేదు. గుడ్డ పిండలేను. చూడండి వేళ్ళు." చేతులు ఎత్తి చూపించింది. ఎవరూ చూడలేదు, మర్యాద కాదని.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే!" అన్నాడు ఫోల్క్‌మార్. "ఎవరో ఒకరం వచ్చి తుడిచిపెట్టేవాళ్ళం కాదూ!"

"మొదట సిగ్గేసి చెప్పలేదు. ఆ హాంబర్గ్ అమ్మాయి వచ్చి వెళ్ళాక భయమేసి చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు వచ్చి తుడిచిపెడతారని."

అధ్యక్షుడు గంట కొట్టాడు. తర్వాత ఆయన చేసిన ప్రసంగంలో ఆవేశం లేదు, విచారం మాత్రమే ఉంది. "చట్టం ఏమంటోంది? సాగులో చురుగ్గా పాల్గొన్నవాళ్ళకే పంటలో వాటా. మనమందరం పాల్గొన్నాం. చలిలో, వానలో వచ్చి తుడిచాం. మన మొక్కలు చచ్చిపోయినా మన శ్రమ చచ్చిపోలేదు. పాల్గొననిది ఒక్క మనిషి. ఆ మనిషి వరుసే పచ్చగా ఉంది. పని చేసినవాడి చేతిలో బూడిద, చెయ్యనివాడి చేతిలో పంట! ఇది సమ్మతిస్తే రేపు పిల్లలకు ఏం నేర్పుతాం? నేను ఎవరి పుట్టుక గురించీ మాట్లాడను. బాడెన్‌లోనూ మంచివాళ్ళు ఉంటారని విన్నాను. ఇది నియమానికి సంబంధించిన విషయం."

ఓటింగు బహిరంగంగా, చేతులెత్తి. రహస్య బ్యాలెట్టు మెగ్నీషియం లాంటి సున్నితమైన విషయాలకే. పక్కవాడి చెయ్యి లేచింది, వాడి పక్కవాడిదీ లేచింది. నా చెయ్యీ లేచింది. అన్ని చేతులూ పైన ఉన్నప్పుడు కిందనున్న చెయ్యి మరీ ఎత్తుగా కనిపిస్తుంది. మీరు కూడా ఏదో ఒక సంఘంలో సభ్యులే కాబట్టి ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

రోజ్‌విటా మెర్క్‌లె సభ్యత్వం రద్దయింది. వెంటనే రెండో తీర్మానం: నాలుగో వరుసలోని పంట, చురుకైన సభ్యులందరికీ సమానంగా చెందును. ఇది మొదటిదానికన్నా తొందరగా నెగ్గింది. సంఘం చరిత్రలో మొదటి పంట చేతికి రాబోతున్నందుకు అధ్యక్షుడు సభ్యులను అభినందించాడు. అందరం చప్పట్లు కొట్టాం. కొందరు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

అప్పుడు అధ్యక్షుడు రోజ్‌విటా వైపు తిరిగాడు. సభ్యురాలు కాదు కాబట్టి నియమం ప్రకారమే పిలిచాడు. "మెర్క్‌లె గారూ, మీరు ఇంతకాలం చేసిన సేవకు సంఘం ధన్యవాదాలు తెలుపుతోంది. వెళ్ళేముందు మీరు చెప్పదలుచుకున్నది ఏమైనా ఉంటే చెప్పవచ్చు."

ఆమె కుర్చీ చెయ్యి ఆనుకుని మెల్లగా లేచింది. కోటు బొత్తాలు పెట్టుకోబోయి, వేళ్ళు వంగక వదిలేసింది. మెట్ల పక్కనున్న పచ్చటి మొక్కల వంక చూసింది, తర్వాత మా వంక చూసింది.

"చెప్పడానికేం లేదండీ బ్రాయ్‌నింగర్ గారూ. అడగాల్సింది ఒకటుంది. రేపు పొద్దున నాలుగో వరుస తుడిచే వంతు మీలో ఎవరిది?"